అటక మీద మిగిలిన వీడియో గేమ్ డబ్బాలు

అందరికీ నమస్కారం.

ముందే ఒక మాట చెప్పేస్తా. ఈ బల్ల మీద పెట్టిన వీడియో గేమ్ మిషన్లలో సగానికి పైగా డూప్లికేట్లే. ఒరిజినల్ నింటెండో చూద్దామని వచ్చినవాళ్ళు అలగొద్దు, ఆ మూలన ఒకటుంది, పోయి చూడొచ్చు. నేను మాట్లాడబోయేది మాత్రం ఆ డూప్లికేట్ల గురించే. తిరుపతిలో, చిత్తూరులో, మదనపల్లెలో మనం ఆడింది వాటితోనే.

అసలు సంగతి జపాన్‌లో మొదలైంది. 1983 జులై 15న నింటెండో కంపెనీ ఫామికామ్ అనే మిషన్ని అంగళ్ళలోకి తెచ్చింది. ధర 14,800 యెన్‌లు. దాన్ని తయారుచేయించిన ఇంజనీరు మసయుకి ఉయెమురా 2021 డిసెంబరులో పోయినారు. రెండేళ్ళకి అదే మిషన్ని వేరే డబ్బాలో పెట్టి నెస్ అనే పేరుతో అమెరికాలో అమ్మినారు. లోపలున్న ర్యామ్ రెండు కిలోబైట్లు, బొమ్మల కోసం ఇంకో రెండు, అంతే. 1985లో వచ్చిన సూపర్ మరియో ఆట మొత్తం కలిపినా 40 కిలోబైట్లు. పొద్దున్నే మీ బంధువులు పంపే గుడ్‌మార్నింగ్ ఫొటోలో అట్లాంటి మరియోలు రెండో మూడో పట్టేస్తాయి. చోటు లేక వాళ్ళు పడిన తిప్పలు అన్నీ ఇన్నీ కావు. మరియోలో పైన తేలే మబ్బుని, కింద మొలిచే పొదని ఇంకోసారి బాగా చూడండి. రెండూ ఒకే బొమ్మ. తెలుపు వేస్తే మబ్బు, పచ్చ వేస్తే పొద.

మరి ఆ మిషన్ మన దాకా ఎందుకు రాలేదు? పన్నులు ఒక పెద్ద కారణం. నింటెండోకి పోటీ అయిన సేగా కంపెనీ సంగతే చూడండి. 1995లో వాళ్ళు మెగా డ్రైవ్ అనే తమ మిషన్ని ఇండియాలో అమ్మాలని షా వాలెస్‌తో ఒప్పందం చేసుకున్నారు. అవును, ఆ షా వాలెస్సే, అప్పట్లో మద్యం వ్యాపారంలో పేరున్న కంపెనీ. దిగుమతి సుంకం 80 శాతం ఉంటే దాన్ని తప్పించుకోవడానికి వేసిన ఎత్తు అది. అయినా ఒక్కోటి 18,000 రూపాయలైంది. ఇంట్లోకి కలర్ టీవీ తేవడానికే వెనకాముందు ఆడే కాలంలో, పిల్లోళ్ళ ఆటకి 18 వేలు ఎవరు పెడతారు?

ఆ సందులోంచి దూరినాయి మన డబ్బాలు. ఫామికామ్‌లోని చిప్పులకి తైవాన్‌లో యూఎంసీ లాంటి కంపెనీలు నకళ్ళు చేసినాయి. తర్వాత్తర్వాత మొత్తం మిషన్ని ఒకే చిప్పులోకి కుదించినారు. దాంతో ధర దబ్బున పడిపోయింది. ఇండియాలో సమురాయ్, మీడియా, లిటిల్ మాస్టర్ అని రకరకాల పేర్లతో అమ్మినారు. మన ఊరికి అవి ఎక్కువగా మద్రాసు నుంచి వచ్చేవి. బర్మా బజార్లో బేరమాడి, రిచీ స్ట్రీట్‌లో అడాప్టర్ కొని, సప్తగిరి ఎక్స్‌ప్రెస్‌లో ఒళ్ళో పెట్టుకోని తెచ్చుకునేవాళ్ళు. కువైట్‌లో పనిచేసే మామో చిన్నాయనో సెలవుకి వస్తే ఆ పెట్టెలో ఉంటుందని ఆశ. రెండూ లేనోళ్ళకి గంటల అంగళ్ళు ఉండేవి. గంటకింతని ఇచ్చి, బెంచీ మీద ఇరుక్కోని కూర్చోని ఆడేది. టైమైపోతే అంగడాయన ఏమాత్రం దయ లేకుండా స్విచ్చి ఆపేసేవాడు, మనం ఆఖరి స్టేజిలో ఉన్నా సరే.

ఇంక కేసెట్ల సంగతి, అంటే మిషన్లో దూర్చే ఆటల బిళ్ళలు. "9999 ఇన్ 1" అని, అంటే ఒక్కదాంట్లోనే 9999 ఆటలని, అట్ట మీద రాసుంటుంది. మీలో కొందరు రాత్రంతా కూర్చోని తెర మీద ఆ ఆటల పట్టీని కిందికి జరుపుకుంటా పోయి ఉంటారు. ఉండేవి కొన్ని ఆటలే. వాటినే పేరు మార్చి, మొదలయ్యే స్టేజి మార్చి, మళ్ళీ మళ్ళీ పట్టీలో చేర్చినారు. మోసమే, కాదనను. కానీ ఆ పట్టీ తయారు చేసినోడు ఆట ప్రోగ్రామ్‌ని విప్పి, ఎక్కడ ఏ అంకె మారిస్తే ఐదో స్టేజి నుంచి మొదలవుతుందో కనుక్కోని మార్చినాడు. ఆ పనితనాన్ని గురించి రాసినోళ్ళు తక్కువ. కాంట్రా అనే ఆటలో 30 లైఫులు తెచ్చే మంత్రం, అంటే బటన్లు నొక్కే వరస, మాత్రం అందరికీ తెలుసు, పైన పైన కింద కింద ఎడమ కుడి ఎడమ కుడి బీ ఏ. దాన్ని కనిపెట్టింది కొనామీ అనే ఆటల కంపెనీలో పనిచేసిన కజుహిసా హషిమొటో. 1986లో గ్రేడియస్ ఆటని ఇంటి మిషన్లోకి మారుస్తా ఉంటే, సరిగ్గా నడుస్తుందో లేదో చూడ్డానికి ఆడాల్సి వచ్చి, ఆట మరీ కష్టంగా ఉందని తన కోసం పెట్టుకున్నాడంట. 1988లో అమెరికాలో వచ్చిన కాంట్రా దాన్ని ప్రపంచమంతా తిప్పింది.

ఇప్పుడు నా అసలు మాటకొస్తా. ఒరిజినల్ ఫామికామ్‌కి చరిత్ర ఉంది. ఏ రోజు విడుదలైందో, ఎవరు చేసినారో, బోర్డు ఎన్నిసార్లు మార్చినారో పుస్తకాల్లో దొరుకుతుంది. అమెరికాలో రాచెస్టర్ ఊళ్ళో ఆటలకే ఒక పెద్ద మ్యూజియం ఉంది. మన డబ్బాలకి ఏముంది? తిరగేసి చూడండి. చాలావాటి మీద తయారైన సంవత్సరం ఉండదు, చిరునామా ఉండదు, నంబరూ ఉండదు. బిల్లు ఎప్పుడూ ఇచ్చింది లేదు. మన జిల్లాలో ఒక తరం పిల్లోళ్ళు ఏ మిషన్ మీద, ఏ ఆటలు, ఎట్లా ఆడినారు అనేదానికి మిగిలిన సాక్ష్యం ఆ వస్తువే. అది గూడా అటక మీద నుంచి దిగి, వీధిలోకొచ్చే పాత సామాన్ల బండికి పోతా ఉంది. రెండు కిలోల ఎర్రగడ్డలిస్తే ఇచ్చేస్తారు.

అందుకే కొత్తగా సేకరణ మొదలుపెట్టే పిల్లోళ్ళకి నేను చెప్పేది: జపాన్ సరుకు కోసం అప్పులు చేయొద్దండి. ఆ సరుకుని కాపాడేవాళ్ళు అక్కడ దండిగా ఉన్నారు. మన వీధిలో ఉన్నదాన్ని కాపాడేవాళ్ళు మనం తప్ప ఎవరూ లేరు. 2021 జులైలో సీలు విప్పని సూపర్ మరియో 64 ఒకటి అమెరికాలో వేలంలో 15 లక్షల 60 వేల డాలర్లకి పోయింది. అప్పటి లెక్కన 11 కోట్ల పైమాటే. దాన్ని గట్టి ప్లాస్టిక్ పెట్టెలో మూసి, గ్రేడు వేసి అమ్మినారు. దాన్ని ఎవరూ ఆడరు, ఆడితే విలువ పోతుంది. అది షేర్ల వ్యాపారం లాంటిది, మన పని కాదు.

ఇక్కడ మీకొక ప్రశ్న వస్తుంది. ఫోన్లోనే ఎమ్యులేటర్, అంటే పాత మిషన్లాగా నడిచే యాప్, ఉంది కదా, ఈ డబ్బాలతో పనేముంది అని. ఆడుకోవడానికే అయితే ఎమ్యులేటర్ చాలు. నేనూ బస్సులో అదే ఆడతా. కానీ అందులో మామూలుగా నడిచేది అమెరికా, జపాన్ మరియో. వాళ్ళ టీవీ సెకనుకి 60 సార్లు బొమ్మ మారుస్తుంది. మన దూరదర్శన్ కాలం నుంచి వచ్చిన పాల్ అనే టీవీ పద్ధతి సెకనుకి 50. మన టీవీల కోసం చేసిన డబ్బాలు ఆ 50కి తగ్గట్టే నడిచినాయి. అంటే మన మరియో అసలు వేగం కన్నా ఆరో వంతు నిదానంగా పరిగెత్తినాడు. మీకు గుర్తున్న ఆ పాట కూడా కొంచెం సాగినట్టు వినిపించిన పాటే. ఎమ్యులేటర్లో ఆడినప్పుడు "చిన్నప్పుడు ఇంత కష్టంగా లేదే" అని మీకు అనిపించి ఉంటే, వయసు మీద పడిందని బాధపడొద్దు. తేడా మిషన్లోనే ఉంది.

తుపాకి ఆట ఇంకా గమ్మత్తు. 1984 నాటి డక్ హంట్. తుపాకి నుంచి టీవీకి ఏదో పోతుందని చిన్నప్పుడు అనుకునేవాళ్ళం. జరిగేది దానికి తలకిందులు. ట్రిగ్గర్ నొక్కగానే తెర మొత్తం ఒక్క క్షణం నల్లబడుతుంది. ఆ వెంటనే బాతు ఉన్నచోట మాత్రం ఒక తెల్లటి గడి వెలుగుతుంది. తుపాకి గొట్టంలో వెలుతురుని పసిగట్టే డయోడ్ ఉంటుంది. ముందు నలుపు, తర్వాత తెలుపు కనబడితే బాతు చచ్చినట్టు లెక్క. ముందు నలుపు ఎందుకంటే, మనలాంటి తెలివైనోళ్ళు తుపాకిని ట్యూబులైటుకి గురిపెట్టి మోసం చేయకుండా. ఇదంతా కంటికి అందనంత వేగంగా అయిపోతుంది. పిక్చర్ ట్యూబ్ టీవీ సిగ్నల్ వచ్చిన క్షణమే గీత తర్వాత గీతగా, సెకనుకి 15 వేలకి పైగా గీతలు వేస్తుంది. ఒరిజినల్ తుపాకిలోని సర్క్యూట్ ఆ వేగాన్ని పట్టుకునేలాగానే చేసినారు. ఫ్లాట్ టీవీ బొమ్మని ముందు లోపల దాచుకోని, సరిచేసుకోని, తర్వాత చూపిస్తుంది. ఆ ఆలస్యం చాలు, బాతు ఎగిరిపోవడానికి. మీ గురి బాగానే ఉంటుంది, టీవీదే తప్పు.

రేణిగుంట పక్కన ఫ్లాట్ టీవీలు తయారుచేసే ఫ్యాక్టరీలున్న జిల్లా మనది. పిక్చర్ ట్యూబ్ ఉన్న డబ్బా టీవీ కావాలంటే మాత్రం పాత సామాన్ల అంగళ్ళు తిరగాల్సిందే. దొరికితే వదలొద్దు. అయితే వెనక మూత మాత్రం మీరు తీయొద్దు. ట్యూబు దగ్గర 20 వేల వోల్టులు, ఇంకా ఎక్కువ కూడా ఉండొచ్చు, ప్లగ్గు పీకినా కొంత లోపలే నిలిచి ఉంటుంది. పాత టీవీ మెకానిక్కులు మన ఊళ్ళో ఇంకా ఉన్నారు, వాళ్ళ దగ్గరికి తీసుకపోండి. వాళ్ళ చేతిపని గూడా ఈ చరిత్రలో భాగమే. ఏ డబ్బాకి ఏ రోగం వచ్చేదో వాళ్ళు నిద్రలో లేపినా చెప్తారు. నన్నడిగితే వాళ్ళ మాటల్ని రికార్డు చేయడం డబ్బాని కొనడం కంటే ముందు చేయాల్సిన పని.

మిషన్ దొరికినాక ఏం చేయాలి? వెంటనే కరెంటు పెట్టొద్దు. ముందు అడాప్టర్ పిన్ను చూడండి. ఫామికామ్‌కి లోపల మైనస్, బయట ప్లస్. మెగా డ్రైవ్ మొదటి మోడల్‌కీ అంతే, రెండో మోడల్‌కి తిరగబడింది. చేతికందిన అడాప్టర్ దూర్చి కాల్చేసుకున్న మిషన్లు నేను చాలా చూసినా. వెలగకపోతే భయపడొద్దు. లోపల 7805 అనే మూడు కాళ్ళ రెగ్యులేటర్ ఉంటుంది, తొమ్మిది వోల్టుల్ని అయిదు చేసేది. ఎక్కువగా పోయేది అదే. ఏ ఎలక్ట్రానిక్స్ అంగట్లో అయినా టీ ఖర్చుకి అటూ ఇటూగా దొరుకుతుంది. ఆ తర్వాత చూడాల్సింది కండెన్సర్లు, అంటే కరెంటుని కాసేపు దాచే చిన్న భాగాలు. మన ఎండకి అటక మీద ఇన్నేళ్ళు ఉడికినవి ఎండిపోయి ఉంటాయి. చిప్పు మీద నల్లటి జిగురు బొట్టు పోసి మూసేసిన రకమైతే, ఆ చిప్పే పోతే ఇంక చేసేదేమీ లేదు. బోర్డు ఫొటో తీసి, డబ్బాని దాచుకోండి.

కేసెట్‌ని ఊదడం గురించి అడగనివాళ్ళు లేరు. ఊదితే పనిచేసినట్టు కనబడేది, తీసి మళ్ళీ పెట్టినందుకు. ఊపిరిలోని తేమ పిన్నుల్ని తుప్పు పట్టిస్తుంది. ఊదొద్దని నింటెండో వాళ్ళే చెప్పినారు. సెల్‌ఫోన్ రిపేరు అంగట్లో దొరికే ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో దూది ముంచి తుడవండి, నల్లగా ఎంత వస్తుందో చూసి మీరే ఆశ్చర్యపోతారు. ఆట సేవ్ అయ్యే కేసెట్లలో బిళ్ళ బ్యాటరీ ఉంటుంది. దాని ఆయువు తీరిపోతే సేవ్ చేసిందంతా పోతుంది. పాత పోకెమాన్ కేసెట్లున్నోళ్ళు ఇంటికి పోయి ఈ రోజే చూసుకోండి.

తెల్ల డబ్బాలు పసుపుపచ్చ అవుతాయి. హైడ్రోజన్ పెరాక్సైడ్ పూసి ఎండలో పెడితే మళ్ళీ తెల్లబడతాయి. మన మే నెల ఎండ దానికి మహా బాగా పనిచేస్తుంది. అయినా నేను చేయను. మచ్చలు మచ్చలుగా తేలొచ్చు, కొన్నాళ్ళకి మళ్ళీ పచ్చబడొచ్చు. ముప్పై ఏళ్ళు ఒక ఇంట్లో ఉన్న వస్తువు ముప్పై ఏళ్ళదానిలాగే ఉండనీ.

ప్లేస్టేషన్ కాలం గురించి ఈ రోజు పెద్దగా చెప్పను, అది వేరే సభ. ఒక్కటి మాత్రం. 2009లో హైదరాబాద్‌లో ఆరోనా అనే కంపెనీ ప్లేస్టేషన్ 2 కోసం హనుమంతుడి ఆట చేసింది. పూర్తిగా ఇండియాలోనే తయారైన మొదటి ప్లేస్టేషన్ 2 ఆటగా దాన్ని అమ్మినారు. ఆట గొప్పగా లేదు, ఆడి చెప్తున్నా. కానీ ఆ డిస్కు మీ ఇంట్లో ఉంటే పారేయొద్దు, అది మనది. 2023లో అమెరికాలో వీడియో గేమ్ హిస్టరీ ఫౌండేషన్ వాళ్ళు ఒక లెక్క తీసినారు. అక్కడ 2010కి ముందు విడుదలైన ఆటల్లో 87 శాతం అప్పటికే మామూలుగా కొనడానికి దొరకట్లేదంట. అంత పద్ధతిగా లెక్కలు దాచుకునే దేశంలోనే అంత పోతే, బిల్లే లేని మన ఊళ్ళో ఎంత పోయి ఉంటుందో మీరే ఆలోచించండి.

కాబట్టి మీ ఇంట్లో డబ్బా దొరికితే మూడు సంగతులు ఒక కాగితం మీద రాసి దాంట్లోనే పెట్టండి: ఎవరు కొన్నారు, ఎక్కడ, ఎంతకి. సంవత్సరం సరిగ్గా గుర్తులేకపోతే మీ అమ్మనో అత్తనో అడగండి. "పెద్దోడు ఏడో తరగతిలో ఉన్నప్పుడు" అని చెప్తారు, అది చాలు. పాత గంటల అంగళ్ళు నడిపినవాళ్ళు ఎవరైనా ఈ సభలో ఉంటే దయచేసి నాతో మాట్లాడి పోండి. రేటు ఎంతుండేదో, ఏ కేసెట్‌కి గొడవలు ఎక్కువయ్యేవో మాకు కావాల.

ప్రశ్నలు ఆడుకుంటా అడగండి. కాంట్రా పెట్టిన టీవీ దగ్గర రెండు రిమోట్లున్నాయి, ఎర్ర రిమోట్‌లో బీ బటన్ కొంచెం గట్టిగా నొక్కాల. పెద్దోళ్ళు ముందు పిల్లోళ్ళకి వదలాల, ఈ మాట నాకూ వర్తిస్తుంది.