పాత వాచీలో భాగాలన్నిటికీ ఒకే వయసు ఉండాలి
(బెంగళూరులో తెలుగు మిత్రుల సమావేశంలో చేసిన ప్రసంగం)

అందరికీ నమస్కారం.

మనం ఉంటున్నది మన దేశపు వాచీలు పుట్టిన ఊరు. 1961లో జపాన్‌కు చెందిన సిటిజన్ కంపెనీ సహకారంతో హెచ్ఎంటీ ఇక్కడే బెంగళూరులో చేతి గడియారాల తయారీ మొదలుపెట్టింది. మొదటి వాచీలను నెహ్రూ విడుదల చేశారు. ఆ తర్వాత కొన్ని దశాబ్దాల పాటు మన ఇళ్ళలో పెళ్ళికొడుక్కి పెట్టిన వాచీ, పరీక్ష పాసైన పిల్లాడికి కొనిచ్చిన వాచీ, రిటైరైన రోజు ఆఫీసులో దండ వేసి చేతిలో పెట్టిన వాచీ చాలావరకు హెచ్ఎంటీవే. 2016లో ఆ వాచీల కంపెనీని మూసేయాలని కేంద్ర ప్రభుత్వం నిర్ణయించింది. అక్కడి నుంచి వాటి మీద మోజు పెరిగింది. మోజు పెరిగితే నకిలీ రాకుండా ఉంటుందా?

మీలో చాలామంది ఇప్పుడిప్పుడే పాత వాచీలు కొనడం మొదలుపెట్టారు. మీకు ఈ రోజు ముఖ్యంగా ఒక్క మాట చెప్పాలని వచ్చాను. కొనేముందు ‘ఇది ఒరిజినలా, డూప్లికేటా’ అని అడిగి ఊరుకోకండి. డయల్, ముళ్ళు, కేసు (అంటే వాచీ బయటి గుల్ల), వెనక మూత, లోపలి మెషిన్ ఒకే మోడల్‌వేనా, ఒకే కాలానివేనా అని చూడండి. ఎందుకంటే మన బజారులో దొరికే హెచ్ఎంటీ, జపాన్ సీకో, స్విస్ ఫావ్రె-లూబాల్లో మొత్తానికి మొత్తం నకిలీ అన్నది అంత ఎక్కువ కాదు. లోపల మెషిన్ నిజమైనదే ఉంటుంది. దాని చుట్టూ ఉన్నదే మోసం.

అదెలా తయారవుతుందో చెబుతాను. పాడైపోయిన వాచీలను గుత్తగా కొంటారు. డయల్ మీది పాత రంగు మొత్తం తీసేసి కొత్త రంగు పూస్తారు. పేరు, గీతలు మళ్ళీ అచ్చు వేస్తారు. ముళ్ళు ఏవి దొరికితే అవి పెడతారు. కేసుకు పాలిష్ కొట్టి, కొత్త పట్టీ తగిలించి, ‘వింటేజ్, సర్వీస్ చేసినది’ అని అమ్ముతారు. ఇలాంటివాటికి వాచీలు సేకరించేవాళ్ళలో ‘ముంబై స్పెషల్’ అని పేరు పడిపోయింది. విదేశాల్లో కూడా ఈ పేరు తెలుసు. మన దేశం నుంచి వెళ్ళే పాత వాచీలన్నిటికీ ఆ మచ్చ అంటుకుంది. నాకు బాధ కలిగించేది అదే.

కాబట్టి ముందు డయల్ చూడండి. పది రెట్లు పెద్దగా చూపించే భూతద్దం ఒకటి కొనుక్కోండి, ఖరీదేమీ కాదు. ఫ్యాక్టరీలో అచ్చు వేసిన అక్షరం అంచు పదునుగా ఉంటుంది. మళ్ళీ వేసిన అక్షరం లావుగా, అంచు దగ్గర కాస్త పాకినట్టు ఉంటుంది. నిమిషాల గీతలు ఒక చోట దగ్గరగా, ఒక చోట దూరంగా ఉంటాయి. పన్నెండు దగ్గరి గీత కంపెనీ గుర్తుకు సరిగ్గా ఎదురుగా ఉండదు. తేదీ కిటికీ అంచున కొత్త రంగు పేరుకుని ఉంటుంది. కేసు నిండా గీతలు, కీ ఇచ్చే గుండీ అరిగిపోయింది, డయల్ మాత్రం నిన్న చేసినట్టు మెరుస్తోంది అంటే ఆగి ఆలోచించాలి. చేతులకు డెబ్బై ఏళ్ళు, ముఖానికి పాతికేళ్ళు ఉన్న మనిషిని మనం ఎక్కడా చూడం కదా.

హెచ్ఎంటీలో ఎక్కువ మోసం జరిగేది పైలట్ మోడల్‌లో. నల్ల డయల్, తెల్ల అంకెలు, కీ ఇచ్చే 17 జ్యూవెల్స్ (అరుగుదల తగ్గించే చిన్న రాళ్ళు) మెషిన్. చాలా అందమైన వాచీ. అదే మెషిన్ జనతా లాంటి మామూలు మోడళ్ళలో కూడా ఉంటుంది కాబట్టి, ఒక జనతా డయల్ మీద నల్ల రంగు పూసి ‘పైలట్’ అని రాస్తే చాలు, ధర పెరిగిపోతుంది. నారింజ రంగు, చిలకాకుపచ్చ, ముదురు నీలం పైలట్‌లు కూడా బోలెడు కనిపిస్తాయి. సైన్యం చిహ్నాలు, రైల్వే గుర్తులు, మోటార్‌సైకిల్ బొమ్మలు వేసినవీ ఉంటాయి. సంస్థల కోసం వాటి గుర్తుతో హెచ్ఎంటీ నిజంగానే కొన్ని వాచీలు చేసి ఇచ్చింది. ఆ నిజాన్ని అడ్డం పెట్టుకునే ఈ వ్యాపారం నడుస్తోంది. అలాంటిది కొనాలనిపిస్తే, అదే డయల్ ఉన్న వాచీ పాత ప్రకటనలోనో, మొదటి నుంచి ఒకే ఇంట్లో ఉన్న వాచీలోనో కనబడేదాకా ఆగండి.

ఇంకో తేలిక పరీక్ష. డయల్ మీద ‘ఆటోమేటిక్’ అని ఉంటే, వాచీని మెల్లగా ఊపినప్పుడు లోపల బరువు తిరుగుతున్నట్టు చేతికి తెలియాలి. తెలియకపోతే లోపల ఏముందో మూత తీయించి చూడాల్సిందే.

సీకో విషయంలో కంపెనీయే మనకు మంచి సాయం చేసి పెట్టింది. వెనక మూత మీద రెండు భాగాలుగా ఒక నంబరు ఉంటుంది. మొదటి నాలుగు అంకెలు మెషిన్ నంబరు, 6309, 7009 ఇలా. డయల్ కింది అంచున కంటికి ఆనీ ఆననంత చిన్న అక్షరాల్లో కూడా ఒక కోడ్ ఉంటుంది. అదీ అదే నాలుగు అంకెలతో మొదలవ్వాలి. మూత మీద 6309, డయల్ మీద 7009 ఉంటే అవి రెండు వాచీల ముక్కలు. అసలు కోడే లేకపోతే రంగు కింద పోయిందన్నమాట. ఆ కాలపు సీకోల్లో సీరియల్ నంబరు కూడా మాట్లాడుతుంది. మొదటి అంకె సంవత్సరంలోని చివరి అంకె, రెండోది నెల. అక్టోబరుకు సున్నా, నవంబరుకు ఎన్, డిసెంబరుకు డి. 6309 వాచీ మీద సీరియల్ 85తో మొదలైతే అది మే నెలది, 1978 గాని 1988 గాని అయి ఉండాలి.

చీకట్లో మెరిసే రంగు గురించి జాగ్రత్తగా వినండి, ఇది ఆరోగ్యానికి సంబంధించింది కూడా. 1960ల దాకా చాలా వాచీల్లో రేడియం అనే రేడియోధార్మిక పదార్థం వాడారు. తర్వాత ట్రిటియం వచ్చింది. స్విస్ డయల్ కింద ‘స్విస్’ అన్న మాటకు అటూ ఇటూ ‘టి’ అక్షరం కనిపిస్తే అది ట్రిటియమే. ట్రిటియం శక్తి పన్నెండేళ్ళకు కాస్త అటూ ఇటూగా సగమైపోతుంది. కాబట్టి 1970 నాటి ట్రిటియం వాచీ ఈ రోజు రాత్రంతా ధగధగ మెరుస్తోందంటే ఎవరో కొత్త రంగు పూశారు. రేడియం సంగతి వేరు. పూత మెరవడం మానేసినా లోపలి రేడియం సగం తగ్గడానికే 1600 ఏళ్ళు పడుతుంది. అలాంటి వాచీని ఇంట్లో విప్పకండి, ఆ రంగును గోకకండి. ఆ పొడి ఊపిరితో లోపలికి పోకూడదు.

ఇక ఒమేగా లాంటి స్విస్ వాచీలకు వస్తే, మెషిన్ మీద సీరియల్ నంబరు ఉంటుంది, మూత లోపలి వైపు కేసు నంబరు ఉంటుంది. రెండూ ఫొటో తీసి పంపమని అడగండి. ‘మూత తీయడం కుదరదండీ’ అన్న మనిషి దగ్గర కొనకండి. అంతే.

ఇంత చూసినా పొరపాటు జరగొచ్చు. 2021 నవంబరులో జెనీవాలో 1957 నాటి ఒమేగా స్పీడ్‌మాస్టర్ ఒకటి వేలంలో 31 లక్షల స్విస్ ఫ్రాంకులకు పైగా పలికింది. కొన్నది ఒమేగా సొంత మ్యూజియమే. 2023లో ఒమేగాయే బయటికొచ్చి, అది వేర్వేరు వాచీల భాగాలతో కూర్చినదని, అందులో తమ మాజీ ఉద్యోగుల పాత్ర ఉందని చెప్పింది. అక్కడ పెద్ద పెద్ద నిపుణులకే తప్పలేదు. మనం రెండు వేలు పెట్టే చోట టెన్షన్ పడక్కర్లేదు గానీ, తొందరపడక్కర్లేదు కూడా.

ఒక మాట స్పష్టంగా చెప్పాలి. పాడైన డయల్‌కు రంగు వేయించడం తప్పు కాదు. కొనేవాళ్ళకు చెప్పకుండా అమ్మడం తప్పు. ‘అయ్యా, ఇది రీడయల్, అందుకే తక్కువకిస్తున్నా’ అని చెప్పే షాపువాళ్ళు అవెన్యూ రోడ్డు వైపు ఉన్నారు. వాళ్ళను వదులుకోకండి. కానీ మీ తాతగారి వాచీ ఇంట్లో ఉంటే మాత్రం, డయల్ పసుపెక్కినా మచ్చలు పడినా దయచేసి రంగు వేయించకండి. మెషిన్ శుభ్రం చేయించి, నూనె వేయించి పెట్టుకోండి. ఒకసారి తీసేసిన ఫ్యాక్టరీ అచ్చు మళ్ళీ రాదు.

కొత్తవాళ్ళు ఒక్క మోడల్ ఎంచుకోండి. నన్నడిగితే జనతాతో మొదలుపెట్టండి, ఎక్కువ దొరుకుతుంది, రిపేరు చేసేవాళ్ళూ ఉన్నారు. జాలహళ్ళిలో హెచ్ఎంటీ హెరిటేజ్ సెంటర్‌కు వెళ్ళి, అద్దాల వెనక ఉన్న అసలు వాచీల అక్షరాలు, ముళ్ళ ఆకారాలు, గుండీ సైజు కళ్ళకు అలవాటయ్యేదాకా చూడండి. ఆ తర్వాతే ఆదివారం చిక్కపేట సంతకు వెళ్ళండి.

ఇక్కడ బల్ల మీద నాలుగు పైలట్‌లు పెట్టాను, పక్కనే భూతద్దం ఉంది. నాలుగింటిలో ఒకటే ఫ్యాక్టరీ డయల్. ఏదో నేను చెప్పను. వరసగా వచ్చి చూసి, ఏది, ఎందుకు అనుకుంటున్నారో మీరే చెప్పండి. ప్రశ్నలు అక్కడే మాట్లాడుకుందాం.