ఓకే అంటే విన్నట్టా, ఒప్పుకున్నట్టా?

శ్రోతలకు నమస్కారం.

పాలబ్బాయితో, ఆఫీసులో పై అధికారితో, రాత్రి ఫోన్లో పిల్లలతో మనం రోజూ అనే మాట ఒకటుంది. ఓకే. ఇంగ్లీషు ముక్క రాని మా నాయనమ్మ కూడా దీన్ని ఇంగ్లీషు మాట అనుకునేది కాదు.

ఇది అమెరికాలో ఒక సరదాలోంచి పుట్టింది. 1830ల చివర్లో బోస్టన్ పత్రికలవాళ్లు మాటల్ని కావాలని తప్పుగా రాసి, వాటి మొదటి అక్షరాలే వాడేవారు. అలా 'ఆల్ కరెక్ట్' కాస్తా 'ఓల్ కొరెక్ట్' అయి, 1839 మార్చి 23న బోస్టన్ మార్నింగ్ పోస్ట్‌లో ఓ.కె.గా అచ్చయింది. మరుసటేడు ఎన్నికల్లో అధ్యక్షుడు మార్టిన్ వాన్ బ్యూరెన్ అనుచరులు, ఆయన సొంతూరు కిండర్‌హుక్ పేరు కలిపి 'ఓల్డ్ కిండర్‌హుక్' అంటూ ఓ.కె. క్లబ్బులు పెట్టారు. ఆయన ఓడిపోయాడు గానీ మాట దేశమంతా పాకింది.

మన దగ్గరికొచ్చాక ఓకేనండి, ఓకేరా, ఓకేలే, ఓకేనా అయింది. సంబంధం ఓకే అయిందంటే కుదిరిందని. ఫైలు ఓకే చేశారంటే సంతకం పడిందని. సినిమా ఎలా ఉందంటే 'ఆఁ, ఓకే' అన్నామా, అంత బాగోలేదని! మన 'సరే' చోటులో కూర్చుంది గానీ, 'సరే'లో 'సరి' ఉంది. సరిచూసుకోవడం, సరిపోవడం అందులోనే ఉన్నాయి. ఓకే చాలాసార్లు కథ వింటూ కొట్టే ఊఁ లాంటిది. విన్నానని మాత్రమే దాని అర్థం. అర్థమైందనీ కాదు, ఒప్పుకున్నాననీ కాదు.

1977 మార్చి 27న స్పెయిన్‌కు చెందిన టెనెరిఫె దీవిలో దట్టమైన పొగమంచు. ఒకే రన్‌వే మీద రెండు బోయింగ్ 747 విమానాలు, ఒకదానికొకటి కనపడవు. టేకాఫ్‌కి వచ్చేశామన్నట్టుగా డచ్ సంస్థ కె.ఎల్.ఎం. విమానం నుంచి కబురు. విమానాశ్రయం టవర్‌లోని కంట్రోలర్ 'ఓకే' అన్నాడు. ఆ వెంటనే 'ఆగండి, నేను పిలుస్తాను' అనీ అన్నాడు. సరిగ్గా అప్పుడే రెండోదైన అమెరికా సంస్థ పాన్ ఆమ్ విమానం కూడా మాట్లాడటంతో రేడియోలో కీచుమని మోత. కె.ఎల్.ఎం. వాళ్లకు స్పష్టంగా వినపడింది 'ఓకే' ఒక్కటే. రెండు విమానాలూ ఢీకొని 583 మంది చనిపోయారు. కారణాలు ఇంకా ఉన్నాయి. అయినా ఆ 'ఓకే'ను తలుచుకుంటే నాకిప్పటికీ గుండె బరువెక్కుతుంది. ముఖ్యమైన ఆదేశాన్ని పైలట్ విన్నది విన్నట్టు తిరిగి చెప్పాలనే నియమం ఆ తర్వాత గట్టిపడింది.

ఒకసారి డాక్టరుగారు మా నాన్నగారికి మందులు ఎలా వేసుకోవాలో చెబుతుంటే ప్రతిదానికీ ఓకే అన్నారు. తీరా చూస్తే, తిన్నాక వేసుకోవాల్సిన మాత్ర పరగడుపునే వేసుకుంటున్నారు. 'చెప్పారు కదా నాన్నా' అంటే, 'సరిగా వినపడలేదమ్మా, మళ్లీ అడిగితే బాగుండదని' అన్నారు. అప్పట్నుంచి మా ఇంట్లో మందుల దగ్గర ఓకే చెల్లదు. 'ఏదీ, ఓసారి చెప్పండి' అంటాం. 'పొద్దున తెల్లది, టిఫిన్ తిన్నాక. రాత్రి పచ్చది, సగమే' అని ఆయన పాఠంలా అప్పజెబుతారు.

నమస్కారం.