ఫేజ్ పోయినా మోటారు తిరుగుతూనే ఉంటుంది, అదే చిక్కు

యాంకర్: ఐదు హెచ్‌పీ త్రీ ఫేజ్ పంపు మోటారు, ఫుల్ లోడు మీద నడుస్తోంది. మధ్యలో ఒక ఫేజ్ పోయింది. ఆగిపోతుందా అన్నా?

మేస్త్రి: ఆగదు. నడుస్తున్నది ఆ ఊపులో నడుస్తూనే ఉంటుంది. నీళ్లు కాస్త తగ్గుతాయి, మోత మారుతుంది. మూడు తీగలు మోసే లోడు రెండింటి మీద పడుతుంది కాబట్టి ఏడున్నర ఆంపియర్లు లాగేది పదమూడుకు ఎక్కుతుంది.

యాంకర్: అంటే 1.73 రెట్లు. వేడి కరెంటు వర్గాన్ని బట్టి కదా, మూడు రెట్లవుతుంది.

మేస్త్రి: స్టార్ కనెక్షన్‌లో, అంటే మూడు వైండింగుల కొసలు ఒకచోట కలిపి ఉంటే, మూడు రెట్లే. డెల్టాలో, అంటే వాటిని కొసకు కొస కలిపి త్రిభుజంలా కట్టి ఉంటే, ఇంకా ఘోరం. మిగిలిన రెండు ఫేజుల మధ్య నేరుగా ఉన్న వైండింగ్ ఒక్కటే రెట్టింపు కరెంటు మోస్తుంది, దాంట్లో వేడి నాలుగు రెట్లు. మిగతా రెండూ సీరీస్‌లో పడి మామూలు కరెంటే తీసుకుంటాయి. అందుకే మూత విప్పగానే కారణం దొరికిపోతుంది. స్టార్ మోటారులో రెండు ఫేజుల కాయిళ్లు నల్లగా మాడి, ఒకటి కొత్తదానిలా ఉంటుంది. డెల్టాలో ఒకటే మాడి, రెండు బాగుంటాయి. అన్నీ సమానంగా మాడితే మాత్రం ఓవర్‌లోడో, లో వోల్టేజో, జామో చూసుకోవాలి.

యాంకర్: ఆగి ఉన్న మోటారుకు స్విచ్ వేస్తే?

మేస్త్రి: తిరగదు, గుయ్యిమని మూలుగుతుంది. లోపల అయస్కాంత క్షేత్రం అటూ ఇటూ ఊగుతుందే తప్ప తిరగదు, షాఫ్టును కదిలించే బలం సున్నా. కరెంటు మాత్రం ఐదు రెట్ల దాకా పోతుంది. కరెంటు రాగానే తానే మోటారు వేసే ఆటో స్టార్టర్ పెట్టుకుని, ఫేజ్ పోతే మోటారును ఆపే సింగిల్ ఫేజ్ ప్రివెంటర్‌ను బైపాస్ చేసిన బోర్లు కాలేది ఎక్కువగా ఇలాగే. రాత్రి సప్లై రెండు ఫేజుల్లోనే వస్తే, ఆ మూలుగు వినేవాడు దగ్గర ఉండడు.

యాంకర్: కరెంటు ఎక్కువైతే మోటారును ఆపే ఓవర్‌లోడ్ రిలే ఉంది కదా, అది కొట్టేయదా?

మేస్త్రి: ఫుల్ లోడు మీద సెట్టింగు సరిగ్గా ఉంటే కొడుతుంది. లోడు అరవై శాతమే ఉందనుకోండి, ఫేజ్ పోయాక లైను కరెంటు పెరిగి పెరిగి సెట్టింగు దగ్గరే ఆగుతుంది. రిలేకు అంతా బాగానే ఉన్నట్టు. డెల్టాలో ఆ ఒక్క వైండింగ్ మాత్రం తన రేటింగు కంటే 15 శాతం ఎక్కువ మోస్తూ, మూడో వంతు ఎక్కువ వేడెక్కుతుంటుంది. ఇక మాటిమాటికీ ట్రిప్ అవుతోందని నాబ్ పైకి తిప్పేసినవాళ్ల సంగతి చెప్పేదేముంది.

యాంకర్: మోటారును స్టార్‌లో మొదలుపెట్టి డెల్టాకు మార్చే స్టార్-డెల్టా స్టార్టర్‌లో రిలే సెట్టింగు?

మేస్త్రి: రిలే వైండింగ్ వైపు ఉంటే, నేమ్ ప్లేటు కరెంటును 0.58తో గుణించాలి. 14 ఆంపియర్లకు 8.1. లైను వైపు ఉంటే 14కే పెట్టాలి.

యాంకర్: చాలామంది మీటరు పెట్టి చూసి, మూడు ఫేజులూ ఉన్నాయంటారు.

మేస్త్రి: మోటారు నడుస్తుండగా వోల్టేజీ చూస్తే మోసపోతారు. తిరిగే రోటరు ఖాళీ అయిన వైండింగ్‌లో తానే వోల్టేజీ పుట్టిస్తుంది, పోయిన ఫేజ్ టెర్మినల్ దగ్గర కూడా దాదాపు అంతే చూపిస్తుంది. వోల్టేజీ మాత్రమే చూసే ప్రివెంటర్లు తప్పిపోయేదీ ఇక్కడే, కరెంటు చూసేది కొనండి. తీగ చుట్టూ తగిలించి కరెంటు కొలిచే టాంగ్ టెస్టర్‌తో తీగ తీగకూ ఆంపియర్లు చూడండి. 13, 13, సున్నా వస్తే వెంటనే ఆపేయాలి. ఇంకో సంగతి, లైను తీగ తెగి పడినా మోటారు వైపు ముక్కకు వైండింగుల గుండా కరెంటు వస్తుంది. చచ్చిన తీగే కదా అని ముట్టుకోవద్దు.

యాంకర్: ఫేజ్ పోయిందెక్కడో ఎలా పట్టాలి?

మేస్త్రి: మోటారు ఆపి, స్టార్టర్ ఇన్‌కమింగ్ దగ్గర ఫేజు ఫేజుకూ కొలవండి. మూడుచోట్లా 415 దగ్గర ఉంటే తప్పు ఇవతల ఉంది: స్టార్టర్‌లో కరెంటు కలిపే కాంటాక్టర్‌లో ఒక పాయింటు అరిగిపోవడం, తీగ కొసన ఉండే లగ్గు వదులై మాడటం, బోరులో కేబుల్ జాయింటు. అలా కాక రెండు రీడింగులు 360, మూడోది సున్నా వస్తే, ట్రాన్స్‌ఫార్మర్ 11 కేవీ వైపు హెచ్‌జీ, అంటే హార్న్ గ్యాప్ ఫ్యూజు ఒకటి పోయినట్టు. అప్పుడు ఒక ఫేజ్‌లో బల్బులు బాగానే వెలుగుతాయి, మిగతా రెండింటిలో మసకగా ఉంటాయి. ఆ ఫ్యూజు జోలికి మీరు పోవద్దు, లైన్‌మన్‌ను పిలవండి, లేదంటే కరెంటు ఫిర్యాదుల నంబరు 1912కు చెప్పండి.

యాంకర్: సప్లై బాగైంది. మళ్లీ స్విచ్ వేసేయొచ్చా?

మేస్త్రి: ముందు సప్లై కట్ చేసి కేబుల్ స్టార్టర్ దగ్గర విప్పండి. మూడు తీగల మధ్య ఓమ్స్, అంటే నిరోధం, సమానంగా రావాలి. తర్వాత ఇన్సులేషన్ కొలిచే 500 వోల్టుల మెగ్గర్‌తో ఎర్త్‌కు చూడండి, ఒక మెగాఓమ్‌కు తగ్గితే స్విచ్ వేయకండి. ఓమ్స్‌లో ఒక జత తేడా చూపినా అంతే, బోరు పైపులు పీకి మోటారు బయటికి తీయాల్సిందే.