నూటయాభై రూపాయల చేప, మూడు వేల ఇల్లు

అందరికీ నమస్కారం. ఆదివారం పొద్దున్నే పిల్లల్ని వెంటబెట్టుకుని ఇంతమంది ఈ హాలుకి వచ్చారు, చాలా సంతోషం. మొన్న లిఫ్టులో మూడో అంతస్తు బాబు నన్ను ఆపి, "అంకుల్, బెట్టా చేప, అదే ఫైటర్ ఫిష్, నూటయాభై రూపాయలే కదా, దానికి మూడు వేల సామాను దండగ అంటున్నారు మా డాడీ, మీరేమంటారు?" అని అడిగాడు. లిఫ్టులో చెప్పే జవాబు కాదు కాబట్టి ఇవాళ మాట్లాడతానని అసోసియేషన్ వాళ్ళకి చెప్పాను.

వాళ్ళ డాడీ లెక్క మనందరి లెక్కే. ఐదొందల చెప్పులకి రెండు వేల డబ్బా ఎవరూ కొనరు. కానీ చెప్పులు డబ్బాలో ఊపిరి పీల్చవు, తినవు, విసర్జించవు. బెట్టాల్లో తోక ఆకారాన్ని బట్టి రకాలుంటాయి, నూటయాభైకి వచ్చే మామూలు వీల్ టెయిల్‌ రకానికైనా, వెయ్యి దాటే హాఫ్‌మూన్‌ రకానికైనా కావలసిన నీళ్ళు అన్నే, కావలసిన వెచ్చదనం అంతే. అందుకని చేప ధర పక్కన పెట్టేసి, అది రెండు మూడేళ్ళు సుఖంగా బతకడానికి ఏం కావాలో ముందు చూడండి, బడ్జెట్ అక్కడి నుంచి కట్టండి.

షాపులో దాన్ని గ్లాసంత డబ్బాలో పెట్టి అమ్ముతారు, అడిగితే "ఇది గాలి పీలుస్తుంది సార్, ఇంతే చాలు" అంటారు. గాలి పీల్చే మాట నిజమే. మొప్పల పైన దానికి ఇంకో అవయవం ఉంటుంది, పైకొచ్చి గాలి మింగి దాంతో బతకగలదు. మన కొరమీను కూడా అంతే, తెలంగాణ రాష్ట్ర చేప, బజారులో తట్టలో రెండు వేళ్ళ నీళ్ళలో గంటల తరబడి ప్రాణంతో ఉంటుంది. ఆ తట్టలో అది హాయిగా ఉందని మనలో ఎవరైనా అంటామా? బెట్టా సొంతగడ్డ థాయ్‌లాండ్, 2019లో ఆ దేశం దాన్ని జాతీయ జలచరంగా ప్రకటించింది. అక్కడ అది వరి మళ్ళలో, గడ్డి పెరిగిన లోతు తక్కువ నీళ్ళలో ఉంటుంది. నీళ్ళు జానెడు లోతే అయినా మడి ఎంత విశాలంగా ఉంటుందో మీకు తెలుసు.

గాలి బయటి నుంచి తీసుకున్నా, అమ్మోనియా మాత్రం నీళ్ళలోకే వదులుతుంది. చిన్న గిన్నెలో అది ఒకట్రెండు రోజుల్లోనే పేరుకుని మొప్పల్ని కాల్చేస్తుంది. పెద్ద తొట్టెలో పలచబడుతుంది, పైగా స్పాంజి ఫిల్టర్‌లో పెరిగే బ్యాక్టీరియా దాన్ని ముందు నైట్రైట్‌గా, తర్వాత అంత ప్రమాదం లేని నైట్రేట్‌గా మారుస్తుంది. ఆ బ్యాక్టీరియా కుదురుకోవడానికి నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది, దానికి డబ్బు కాదు ఓపిక కావాలి. అంటే తొట్టె ఈ నెల కొని, రోజూ చిటికెడు మేత వేసి (అది కుళ్ళితే వచ్చే అమ్మోనియానే ఆ బ్యాక్టీరియాకి తిండి) చేప లేకుండా నడిపి, చేపని వచ్చే నెల తెచ్చుకోవచ్చు. ఖర్చు కూడా రెండు జీతాల మీద పడుతుంది.

ఇదంతా తెలియకముందు మా ఇంట్లోనూ గుండ్రటి గాజు గిన్నే ఉండేది. జనవరిలో ఒక రాత్రి చేప అడుగున పడుకుని రెక్కలు ముడుచుకుంది, నీళ్ళు బాగాలేవేమో అని మొత్తం పారబోసి కుళాయి నీళ్ళు నింపాను. అవి చల్లటి నీళ్ళు, క్లోరిన్ ఉన్న నీళ్ళు. పొద్దున లేచేసరికి చనిపోయి ఉంది. మా అమ్మాయి ఆ రోజు స్కూలుకి వెళ్ళలేదు. ఆ గిన్నెకి నేను పెట్టింది రెండొందలు.

ఇప్పుడు నా లెక్క చెప్తాను, ఈ మధ్య నేను కొన్న ధరలు ఇవి, షాపుని బట్టి కొంచెం అటూ ఇటూ ఉంటాయి. అడుగు పొడవు, అడుగు వెడల్పు, అడుగు ఎత్తు గాజు తొట్టె మూతతో సహా తొమ్మిది వందలు. నిండా పోస్తే 28 లీటర్లు, కానీ బెట్టా ఎగిరి దూకుతుంది కాబట్టి పైన నాలుగు వేళ్ళు వదలాలి. స్పాంజి ఫిల్టర్, గాలి మోటారు కలిపి నాలుగొందల యాభై, హీటర్ ఐదొందలు, థర్మామీటర్ వంద, అమ్మోనియా పరీక్ష కిట్ ఐదొందలు, క్లోరిన్ విరుగుడు చుక్కలు అరవై, మేత నూట ఇరవై. రమారమి రెండు వేల ఆరొందలు, చేపతో కలిపి మూడు వేల లోపే.

హైదరాబాద్‌లో హీటర్ ఎందుకని చాలామంది అడుగుతారు. బెట్టాకి 24 నుంచి 28 డిగ్రీలు కావాలి. డిసెంబరు, జనవరి రాత్రుల్లో మనమే రెండు దుప్పట్లు కప్పుకుంటాం, అప్పుడు ఆ తొట్టె ఎంత చల్లబడుతుందో ఆలోచించండి. 50 వాట్ల హీటర్ ఆగకుండా నడిచినా నెలకి 36 యూనిట్లే, అది వేడెక్కి ఆగుతూ ఉంటుంది కాబట్టి అంత కూడా కాదు. వేసవిలో దాన్ని తీసేయండి, తొట్టెని కిటికీ ఎండకి దూరంగా జరపండి. కరెంటు పోతే టెన్షన్ వద్దు, ఒకట్రెండు గంటలు మోటారు ఆగినా బెట్టా పైకొచ్చి గాలి తీసుకుంటుంది.

నీళ్ళ సంగతి కూడా చెప్పాలి. మన సంపులో మున్సిపల్ నీళ్ళు, బోరు, మే నెలలో ట్యాంకర్, అన్నీ కలుస్తాయి. బోరు నీళ్ళలో ఖనిజాలు ఎక్కువున్నా చేప అలవాటు పడుతుంది, ఒక్కసారిగా మారితేనే తట్టుకోలేదు. అందుకే వారానికి పావు వంతు మాత్రమే మార్చండి, కొత్త నీళ్ళు ముందు రోజే బకెట్‌లో పట్టి చుక్కలు వేసి ఉంచండి. ఆర్వో నీళ్ళు పోయొద్దు, వాటిలో ఖనిజాలు ఉండవు.

డబ్బు మిగిల్చుకోవాలంటే ప్లాస్టిక్ కోట, రంగు రాళ్ళు, పుర్రె బొమ్మ మానేయండి. గరుకు ప్లాస్టిక్ ఆకులకి దాని రెక్కలు చిరుగుతాయి కూడా. మనీ ప్లాంట్ కొమ్మ ఒకటి పక్కింటి ఆంటీని అడిగితే ఇస్తారు, వేళ్ళు నీళ్ళలో, ఆకులు బయట ఉండేట్టు పెడితే నైట్రేట్ పీల్చుకుంటుంది.

ఇక జబ్బు చేస్తే ఎంతవరకు పెట్టాలి? ఇది ఇంట్లో ముందే మాట్లాడుకోండి, చేప ఒరిగిపోయాక పిల్లవాడి ముందు వాదించుకోకండి. నేనైతే ముందు నీళ్ళు పరీక్ష చేస్తాను, ఎక్కువసార్లు తప్పు అక్కడే దొరుకుతుంది, శుభ్రమైన వెచ్చటి నీళ్ళతోనే కోలుకుంటుంది. మందులకి ఐదొందల వరకు పక్కన పెట్టుకుంటాను. ఒళ్ళు ఉబ్బి పొలుసులన్నీ నిక్కబొడుచుకుంటే మాత్రం కోలుకోవడం చాలా అరుదు, అప్పుడు మందు మీద మందు పోసి దాన్ని ఇంకా బాధపెట్టను. మూడు వేలు ఇప్పుడు కుదరకపోతే ఆరు నెలలు ఆగడంలో తప్పేమీ లేదు, చేపలు ఎక్కడికీ పోవు.

ఆ గుమ్మం దగ్గర అట్టపెట్టెలో ఎండిన బాదం ఆకులున్నాయి, మన గేటు ముందు చెట్టువే, ఎర్రబడి రాలినవి ఏరి కడిగి ఆరబెట్టాను. తొట్టెలో ఒకటి వేస్తే నీళ్ళు టీ రంగుకి తిరుగుతాయి, భయపడకండి, థాయ్‌లాండ్‌లో పెంపకందారులు కూడా వేస్తారు. షాపులో ప్యాకెట్ కట్టి అమ్ముతారు, ఇక్కడ ఉచితం. వెళ్ళేటప్పుడు తలో రెండు తీసుకెళ్ళండి. బాబూ, నువ్వు నాలుగు తీసుకో.