చీము ఆగిన చెవి

తిరుపతి, చుట్టుపక్కల పల్లెల నుంచి వచ్చిన ఆశా అక్కలకూ ఏఎన్ఎంలకూ నమస్కారం.

చెవి కారే పిల్లలు మీకు కొత్త కాదు. తల్లిని అడిగితే, "మొన్నటిదాకా కారేది, ఇప్పుడు ఆగింది" అంటుంది. చెవి ఆరి, బిడ్డ హుషారుగా ఉంటే మంచిదే. ఆగిన రెండు మూడు రోజులకే జ్వరం, తలనొప్పి ఎక్కాయంటే చీము ఇంకో దారి పట్టిందని అనుమానించండి.

మధ్యచెవి వెనకున్న మాస్టాయిడ్ ఎముక లోపల తేనెతుట్టె మాదిరి గాలి గదులుంటాయి. అక్కడ చీము నిండితే చెవి వెనక ఎర్రగా ఉబ్బుతుంది, బిడ్డ చెయ్యి వెయ్యనివ్వదు. ఎదురుగా కూర్చోబెట్టి చూడండి: ఆ వైపు చెవి డొప్ప ముందుకూ కిందికీ తోసుకొచ్చి ఉంటుంది. ఆస్పత్రిలో సెఫ్ట్రియాక్సోన్ అనే యాంటీబయాటిక్ నరానికి ఎక్కిస్తారు, కర్ణభేరికి చిన్న గాటు పెట్టి చీము తీస్తారు. 24 నుంచి 48 గంటల్లో గుణం కనబడకపోతే ఎముక గదులను తొలిచి శుభ్రం చేస్తారు. చీము ఎముక కొసను చీల్చుకుని మెడ కండరం కిందికి దిగితే అది బెజోల్డ్ గడ్డ. గవదబిళ్లలని పట్టు వేసి ఊరుకోకండి.

మెదడు నుంచి రక్తం దించే పెద్ద సిర ఈ ఎముకను ఆనుకునే పోతుంది. అందులో రక్తం గడ్డకడితే వణికించే జ్వరం ఎక్కి, చెమటపట్టి దిగి, మళ్లీ ఎక్కుతుంది. అచ్చం మలేరియానే! పరీక్షలో మలేరియా లేదంటే, చెవి ఎప్పుడైనా కారిందా అని అడగండి.

చెవి కారుతూ, అదే వైపు కంటి వెనక నొప్పి వచ్చి, ఒకటి రెండుగా కనబడితే, చీము చెవి ఎముక లోతుకు చేరిందన్నమాట; దీన్ని గ్రాడెనిగో సిండ్రోమ్ అంటారు. 1904లో ఇటలీ వైద్యుడు గ్రాడెనిగో వర్ణించాడు, ఇప్పుడు చాలా అరుదు. మూతి వంకరపోయినా, కళ్లు తిరిగి పడిపోతున్నా అదే రోజు పంపండి.

అన్నిటికంటే మోసకారి మెదడులో చీము గడ్డ. మొదట జ్వరం వచ్చి, మధ్యలో కొన్నాళ్లు తగ్గినట్టే ఉంటుంది. తర్వాత వాంతులు, మగత. వీళ్లకు స్కాన్ తీయకుండా నడుములో సూది గుచ్చి వెన్ను నీరు తీస్తే మెదడు కిందికి జారే ప్రమాదముంది. న్యూరోసర్జన్ చీము లాగేశాక సూదిమందు 6 నుంచి 8 వారాలు సాగుతుంది. చెవిలోని మూలాన్ని కూడా ఆపరేషన్‌తో తీసేయాలి, లేకపోతే గడ్డ మళ్లీ వస్తుంది. ఇక్కడ తిరుపతిలో చెవి వైద్యానికి రుయా ఆస్పత్రి, మెదడు ఆపరేషన్‌కు స్విమ్స్ ఆస్పత్రి ఉన్నాయి. 108కి ఫోన్ చేసేటప్పుడే "చెవి కారే మనిషి" అని చెప్పండి.

ఇక ఇంట్లో. వెల్లుల్లి వేసి కాచిన నూనె కారే చెవిలో పోయొద్దు. శుభ్రమైన దూదిని వత్తిలా చుట్టి, లోపలికి పొడవకుండా చెవిలో ఒక నిమిషం ఉంచి, తీసి కొత్తది పెట్టాలి. వత్తి పొడిగా వచ్చేదాకా, రోజుకు మూడుసార్లు. ఆ తర్వాతే డాక్టర్ రాసిన చుక్కలు. చీములో వేస్తే మందు లోపలికే పోదు. కొండకు పోయి గుండు కొట్టించి తలకు నీళ్లు పోసేటప్పుడు వాసెలిన్ పూసిన దూది చెవికి అడ్డం పెట్టండి, పుష్కరిణిలో మాత్రం ముంచొద్దు.