నాచును ఏదీ తినదన్నది ఎవరు?

సంఘం అధ్యక్షులకు, పెద్దలకు, పిల్లలకు నమస్కారం. వనమహోత్సవం కనుక చెట్ల గొప్పతనం చెప్పమని నన్ను పిలిచారు. ఆ మాట ముందు మాట్లాడినవారు నాకంటే బాగా చెప్పేశారు కాబట్టి, ఎవరూ గుంట తవ్వకుండానే, నీళ్లు పోయకుండానే మన ప్రహరీ మీద మొలిచిన నాచు గురించీ, దాన్ని తిని బతికే ప్రాణుల గురించీ చెబుతాను.

ముందు పేరు సంగతి. చెరువులో తేలేదాన్నీ, మెట్ల మీద జారేదాన్నీ మనం నాచనే అంటాం. నేను చెప్పేది ఆ రెండూ కాదు. తొలకరి తరువాత హైదరాబాదు పిట్టగోడల మీదా, రాతి ప్రహరీల సందుల్లోనూ మఖమలులా పరుచుకునే చిన్ని ఆకుల మొక్క అది. దానికి నిజమైన వేళ్లు లేవు, పువ్వు లేదు, గింజ లేదు. ఎండలకు మాడినట్టు నల్లబడి, ఒక్క వానకు తేరుకుంటుంది.

జంతుశాస్త్రం బోధించిన ముప్పై ఏళ్లలో చాలాకాలం, నాచును ఏ జంతువూ తినదని నేనే పిల్లల చేత రాయించాను. పోషకాలు తక్కువనీ, కణకవచాలు సులభంగా అరగవనీ, వాటిలో అరుగుదలకు అడ్డుపడే ఫినాలిక్ పదార్థాలు ఉంటాయనీ కారణాలు చెప్పేవాణ్ణి. కారణాలు సరైనవే, తేల్చిన మాటే తప్పు. ఒక శ్రావణమాసంలో ఇంటర్ చదివే అమ్మాయి అగ్గిపెట్టెలో మట్టిరంగు మిడతను తెచ్చింది. వేలిగోరంత ఉంది, మెడ దగ్గరి పెంకు వీపంతా కప్పి తోక దాకా సాగి ఉంది. కళాశాల వెనక గోడ మీద నాచు కొరుకుతుంటే పట్టానంది. నేను నమ్మలేదు. "దాని పెంటికలు చూడండి సార్" అంది. నీటిచుక్కలో నలిపి సూక్ష్మదర్శిని కింద పెడితే, గళ్ల గుడ్డ పేలికల్లా నాచు ఆకు తునకలు కనిపించాయి. గళ్లలా కనిపించే ఆ కణాల్లో చాలావి చెక్కు చెదరలేదు. అంటే తిన్నదాంట్లో వంటబట్టింది కొంతే.

మరుసటి వారం తనిఖీ బృందం వస్తోందని యాజమాన్యం ఆ గోడను ఇనుప బ్రష్షుతో గీకించి, బ్లీచింగ్ పౌడర్ చల్లించి, రంగు వేయించింది. ఖాళీ అగ్గిపెట్టె పట్టుకుని నిలబడ్డ ఆ అమ్మాయికి నేను ఏమీ చెప్పలేకపోయాను. ఇది ఇక్కడ అనవసరమని మీకు తోచవచ్చు, నాకు తోచదు.

సరే, ఇంకా ఎవరు తింటారు? 1773లో గోట్జె అనే జర్మన్ మతాచార్యుడు నీటి ఎలుగుబంటి అని పేరుపెట్టిన ఎనిమిది కాళ్ల సూక్ష్మజీవిలో కొన్ని జాతులు సూదిలాంటి నోటితో నాచు కణాలను గుచ్చి రసం పీలుస్తాయి, నాచు ఎండితే తామూ ముడుచుకుని ఎండిపోయి, వానకు దానితోపాటే లేస్తాయి. చిలీ, న్యూజిలాండ్ తడి అడవుల్లో నాచు రసమే ఆహారంగా బతికే, నల్లులకు దూరపు చుట్టాలైన పురుగులున్నాయి. ఎలుకల్లాంటి నార్వే లెమ్మింగులు చలికాలమంతా మంచు కింద నాచు మేస్తాయి. అన్నిటికంటే నన్ను ఆశ్చర్యపరిచేది అమెరికాలోని కొలంబియా నది లోయలో ఉండే పికా, కుందేలుకు దగ్గరి చుట్టం. దాని తిండిలో సగానికి మించి నాచేనని 2014లో ప్రచురితమైన పరిశోధన తేల్చింది. ఆవు నెమరువేసి సాధించేదాన్ని ఇది తన మెత్తని పెంటికలను మళ్లీ తిని సాధిస్తుంది. మొహం చిట్లించకండి, కుందేళ్లూ అదే చేస్తాయి.

నాచుకు దీనివల్ల నష్టమేనా అంటే, పూర్తిగా కాదు. గింజలకు బదులు నాచుకు సిద్ధబీజాలనే ధూళిలాంటి రేణువులు కాయల్లాంటి తిత్తుల్లో ఉంటాయి. గుల్లలేని నత్తలు ఆ తిత్తులను తింటాయి, కడుపులోంచి బయటపడ్డ సిద్ధబీజాల్లో కొన్ని మొలకెత్తుతాయి.

అధ్యక్షులవారూ, దసరాకు ప్రహరీ గీకించి సున్నం వేయించాలని తీర్మానం చేశారట. మెట్ల మీది పాచిని తప్పక గీకించండి, పెద్దవాళ్లు జారిపడతారు. ఉత్తరపు గోడను మాత్రం వదిలేయండి. భూతద్దం నా జేబులోనే ఉంది, పిల్లలు భోజనాలకు ముందు నలుగురేసి రండి.