"అన్నా, ఆ పాతది అమ్మేయొచ్చా?"

అందరికీ నమస్కారం.

మా స్పేస్ గేమ్‌ను మొదటిసారి బయటివాళ్లతో ఆడించి చూస్తున్న రోజులవి. ఒక కుర్రాడు వరసగా మూడు సాయంత్రాలు వచ్చి కూర్చున్నాడు. ఫైటర్ అనే చిన్న ఓడతో మొదలుపెట్టాడు. గ్రహశకలాల సందుల్లోంచి దూరిపోవడం, ఇంజన్ ఆపేసి పక్కకు జారుతూ కాల్చడం, అన్నీ ఎవరూ నేర్పకుండానే పట్టేశాడు. మూడో రోజు గేమ్‌లో డబ్బు కూడబెట్టి క్రూజర్ అనే పెద్ద ఓడ కొన్నాడు. కొన్న మరుక్షణం నా వైపు తిరిగి అడిగాడు: "అన్నా, ఆ పాతది అమ్మేయొచ్చా?"

అమ్మేయొచ్చు. ఆ బటన్ పెట్టింది మేమే. కానీ ఆ మాట వినగానే నాకు గుండె కలుక్కుమంది. ఆ ఫైటర్ మలుపు తిరిగే తీరు కోసమే మేం నెలల తరబడి పనిచేశాం. అతను దాన్ని ఇష్టంగా నడిపాడు కూడా. అయినా అతని దృష్టిలో అది ఒక మెట్టు. మేడ ఎక్కేశాక మెట్టుతో పనేముంది?

స్పేస్ గేముల్లో పెద్ద ఓడలు, చిన్న ఓడల బ్యాలెన్స్ గురించి మాట్లాడమని నన్ను పిలిచారు. నేను ఆ కుర్రాడి ప్రశ్న చుట్టూనే తిరుగుతాను. పెద్ద ఓడ చేతికొచ్చిన మనిషికి మళ్లీ చిన్న ఓడ ఎక్కాల్సిన అవసరం గేమ్‌లో ఉందా? ఉంటే మిగతా అంకెలు ఎలాగోలా సర్దుకోవచ్చు. లేకపోతే ఎన్ని అంకెలు మార్చినా లాభం లేదు. మేం రెండు నెలలపాటు అంకెలు మార్చి చూశాం కాబట్టి చెబుతున్నాను.

ఆ అంకెలు ఎలా మోసం చేస్తాయో ముందు చూద్దాం. ఎంత బలమైన పామైనా చలిచీమలకు చిక్కుతుందని చిన్నప్పటి నుంచీ వింటున్నాం. ఎన్ని చీమలు కావాలి అన్నది గేమ్ డిజైనర్ వేసుకోవాల్సిన లెక్క. ఒక పెద్ద ఓడకు 1000 హిట్ పాయింట్లు (కూలేలోపు అది తట్టుకోగల దెబ్బ), సెకనుకు 100 డ్యామేజ్ (అది ఎదుటివాళ్లను కొట్టే దెబ్బ) ఇద్దాం. చిన్న ఓడకు అన్నీ పదో వంతు: 100 హిట్ పాయింట్లు, సెకనుకు 10 డ్యామేజ్, ధర కూడా పదో వంతే. పది చిన్న ఓడలు ఒక పెద్ద ఓడ మీదికి వెళ్తే సరిసమానం అనిపిస్తుంది. లెక్క వేస్తే అలా రాదు. పెద్దది సెకనుకు ఒక ఓడను కూల్చేస్తుంది. మొదటి సెకనులో దానికి తగిలేది 100, తర్వాత 90, ఆ తర్వాత 80. పదో ఓడ కూలేసరికి దానికి తగిలింది మొత్తం 550. ఇంకా 450 మిగిలే ఉంది. అంతే డబ్బు పెట్టి కొన్న పది ఓడలూ పోయాయి, పెద్దది దాదాపు సగం ప్రాణంతో నిలబడింది. దాన్ని పడగొట్టాలంటే 14 కావాలి. ఆ పద్నాలుగులో కూడా చివరికి మిగిలేవి మూడే.

మొదటి ప్రపంచ యుద్ధ కాలంలోనే ఫ్రెడరిక్ లాంచెస్టర్ అనే ఇంగ్లిష్ ఇంజనీర్ ఇలాంటి లెక్కలకు సమీకరణాలు రాశాడు. కారణం తేలికగానే అర్థమవుతుంది. ఒక్కో చిన్న ఓడ కూలినప్పుడల్లా గుంపు కాల్చే బలం తగ్గిపోతుంది. పెద్ద ఓడ మాత్రం ఆఖరి పాయింటు పోయేదాకా పూర్తి బలంతో కాలుస్తూనే ఉంటుంది.

ఇప్పుడు ఒక్కటే మార్చుదాం. పెద్ద ఓడకు సెకనుకు 100 కొట్టే తుపాకులు తీసేసి, పది సెకన్లకు ఒకసారి 1000 కొట్టే ఒకే ఒక్క ఫిరంగి పెడదాం. సగటు చూస్తే అదే. మొదటి గుండుకు ఒక చిన్న ఓడ పోతుంది. కానీ 100 పాయింట్ల ఓడ మీద 1000 పడింది, అంటే 900 గాలికి పోయింది. మిగిలిన తొమ్మిది ఓడలు తర్వాతి పది సెకన్లలో 900 కొట్టేస్తాయి. రెండో గుండుకు ఇంకొకటి పోతుంది. మిగతా ఎనిమిది ఓడలకు మిగిలిన 100 పాయింట్లు కొట్టడానికి రెండు సెకన్లు కూడా పట్టదు. షీటులో సగటు అంకె ఒక్కటీ కదలలేదు, యుద్ధం మాత్రం తలకిందులైంది. అంతకంటే ముఖ్యమైనది ఇంకోటి జరిగింది. ఆ ఫిరంగికి ఒక పని వచ్చింది. అది తన సైజు ఓడల కోసం. చీమల్ని దులుపుకోవడానికి దానికి పక్కన ఇంకెవరో కావాలి.

ఈ "ఇంకెవరో కావాలి" అన్న చోటే నాకు ఆశ పుట్టింది.

తగలడం, తగలకపోవడం కూడా ఇలాంటిదే. ఈవ్ ఆన్‌లైన్ అనే స్పేస్ గేమ్‌లో టరెట్ (ఓడ మీద తిరిగే తుపాకీ) గురి లెక్కలో దూరం ఒక్కటే ఉండదు. ఎదుటి ఓడ మన కంటికి ఎంత వేగంగా పక్కకు జరుగుతోంది, దాని ఆకారం ఎంత పెద్దది, మన టరెట్ ఎంత చురుగ్గా తిరగగలదు, ఇవన్నీ ఉంటాయి. మన లెక్కతో చూద్దాం. ఒక చిన్న ఓడ సెకనుకు 500 మీటర్ల వేగంతో అడ్డంగా వెళ్తోంది. పది కిలోమీటర్ల దూరంలో ఉంటే దాన్ని వెంబడించడానికి టరెట్ సెకనుకు 3 డిగ్రీలు తిరిగితే చాలు. కిలోమీటరు దూరానికి వచ్చేస్తే దాదాపు 29 డిగ్రీలు తిరగాలి. మన పెద్ద ఫిరంగి సెకనుకు 6 డిగ్రీలే తిరుగుతుందనుకోండి. అంటే చిన్న ఓడకు ప్రమాదమంతా దారిలోనే. దగ్గరికి చేరిపోతే బతికినట్టే. నేరుగా ముక్కుసూటిగా దూసుకొస్తే గన్నర్ కంటికి అది కదలనట్టే కనపడుతుంది, ఒక్క గుండుకు పోతుంది. వంకరగా చుట్టు తిరుగుతూ వస్తే బతుకుతుంది. ఈ తేడా ఒక్కసారి ఒంటికి పట్టిన ప్లేయర్‌కు చిన్న ఓడ నడపడం ఒక విద్య అయిపోతుంది. బాగా నడిపినవాడికీ మామూలుగా నడిపినవాడికీ తేడా కనపడే చోటు గేమ్‌లో ఉండటం నాకు చాలా ముఖ్యం. అదృష్టం పాచికలా పడి "తప్పింది" అని తెర మీద రాస్తే ఆ తృప్తి రాదు.

ధర పెంచితే పెద్ద ఓడలు అదుపులో ఉంటాయని చాలామంది అంటారు. ఈవ్‌లో అన్నిటికంటే పెద్ద ఓడలైన టైటాన్లు వచ్చింది 2005 చివర్లో. అప్పట్లో ఒక్కోటి కట్టడానికి ప్లేయర్ల పెద్ద కూటమి అంతా నెలల తరబడి కష్టపడాల్సి వచ్చేది. ఇంత ఖరీదైనవి అరుదుగానే ఉంటాయని ఎవరికైనా అనిపిస్తుంది. 2014 జనవరిలో బీ-ఆర్5ఆర్‌బీ అనే చోట దాదాపు 21 గంటలు సాగిన ఒకే ఒక్క యుద్ధంలో 75 టైటాన్లు పేలిపోయాయి. కూలినవే అన్ని ఉంటే, ఉన్నవి ఎన్నో ఊహించండి. ఏళ్ల తరబడి నడిచే గేమ్‌లో ఖరీదు ఓడ రావడాన్ని ఆలస్యం చేస్తుంది, అంతే. వచ్చాక అది ఏం చేయగలదన్నదే మిగులుతుంది. మొదట్లో టైటాన్ ఆయుధం ఒక్క దెబ్బకు చుట్టూ ఉన్న చిన్న ఓడల గుంపు మొత్తాన్ని తుడిచిపెట్టగలిగేది. వందమంది ప్లేయర్ల సాయంత్రం ఒక్కడి ఒక్క బటన్‌తో ముగిసిపోయేది. 2009 డిసెంబర్‌లో ఆ గేమ్ తయారుచేసిన సీసీపీ కంపెనీ దాన్ని ఒకే లక్ష్యం మీద పడే ఆయుధంగా మార్చింది. నా దృష్టిలో అది చాలా సరైన నిర్ణయం.

అదే గేమ్‌లో నాకు బాగా నచ్చేది టైటాన్‌ను పట్టి ఉంచే పద్ధతి. ఎదుటి ఓడ పారిపోకుండా పట్టి ఉంచే పరికరం వార్ప్ స్క్రాంబ్లర్. మామూలుది టైటాన్‌ను ఆపలేదు. హెవీ ఇంటర్‌డిక్టర్ లాంటి ప్రత్యేకమైన ఓడ కావాలి. అది క్రూజర్ సైజుది, అంటే టైటాన్ పక్కన చాలా చిన్నది. 2013 జనవరిలో అసకై అనే చోట ఒక టైటాన్ పైలట్ తన వాళ్లను పంపబోయి, పొరపాటున వేరే బటన్ నొక్కి తానే శత్రువుల మధ్యకు దూకేశాడు. ఇక అతన్ని కాపాడేవాళ్లూ కూల్చేవాళ్లూ కలిసి రెండు వేలమందికి పైగా అక్కడికి చేరారు. గేమ్‌లో అన్నిటికంటే పెద్ద ఓడ వెనక్కి పోగలదా లేదా అన్నది చిన్న ఓడల చేతిలో ఉంది. కూల్చే బలం వాటికి లేదు. కదలనివ్వకుండా చేసే పని మాత్రం వాటిదే.

సముద్రం మీద నిజంగానే ఇలా జరిగింది. 1941 మే 26 సాయంత్రం 40,000 టన్నులు దాటిన జర్మన్ యుద్ధనౌక బిస్మార్క్ మీదికి స్వోర్డ్‌ఫిష్ విమానాలు వెళ్లాయి. గుడ్డ కప్పిన, పైనా కిందా రెండు వరసల రెక్కలున్న పాతకాలపు విమానాలవి. వాటి టార్పెడో ఒకటి చుక్కాని దగ్గర తగిలింది. ఓడ మునగలేదు. చుక్కాని బిగుసుకుపోయి, వెళ్లాల్సిన వైపు వెళ్లలేకపోయింది. మర్నాడు పొద్దున బ్రిటిష్ పెద్ద ఓడలు వచ్చి దాన్ని ముంచాయి. చిన్నవాటి పని, పెద్దవాటి పని ఇంత స్పష్టంగా విడిపోయిన ఘటన నాకు ఇంకోటి తెలియదు. ఇంజన్, చుక్కాని, సెన్సార్, టరెట్ అని ఓడను భాగాలుగా కొట్టనిచ్చే గేములన్నీ ఈ అవకాశాన్నే ఇస్తున్నాయి.

డిస్ట్రాయర్ అన్న పేరు సంగతి కూడా చెప్పాలి. పెద్ద యుద్ధనౌకలకు టార్పెడో పడవలు ప్రాణాంతకంగా మారాక, ఆ పడవల్ని వేటాడటానికి 1890ల్లో కట్టిన ఓడలవి. టార్పెడో బోట్ డిస్ట్రాయర్ అన్నది పూర్తి పేరు. సైజును బట్టి కాక చేసే పనిని బట్టి పుట్టిన పేరు అది. మన గేముల్లో డిస్ట్రాయర్ అంటే చిన్నదైన ఫ్రిగేట్‌కూ పెద్దదైన క్రూజర్‌కూ మధ్య ఒక గడి. ఆ గడి నింపే ముందు ఇది ఎవరి బారి నుంచి ఎవరిని కాపాడుతుంది అని ఒకసారి అడగండి.

తలుపుల సైజు గురించి రెండు మాటలు. ఎలీట్ డేంజరస్ అనే ఇంకో స్పేస్ గేమ్‌లో అంతరిక్షంలో ఉండే ఔట్‌పోస్టులనే చిన్న స్టేషన్లకు పెద్ద ల్యాండింగ్ ప్యాడ్ ఉండదు. అనకొండా లాంటి పెద్ద ఓడ అక్కడ దిగలేదు. ఈవ్‌లో ఒక చోటి నుంచి దూరపు చోటికి దాటించే వర్మ్‌హోల్స్‌కు బరువు పరిమితి ఉంటుంది. ఒక్క తుపాకీ అంకె ముట్టుకోకుండా చిన్న ఓడకు చోటు దొరికింది. చవకైన, మంచి ఉపాయం. కాకపోతే ఇది పెద్దదాన్ని బయట నిలబెడుతుందే గానీ, పెద్దదానికీ చిన్నదానికీ ఒకరితో ఒకరికి అవసరం కలిగించదు.

ఇంకో తప్పు మేం చాలా ఆలస్యంగా పట్టుకున్నాం. స్టెలారిస్ లాంటి స్ట్రాటజీ గేమ్‌లో నౌకాదళంలో ఒక్కో ఓడ తీసుకునే చోటు లెక్కిస్తే కార్వెట్ 1, డిస్ట్రాయర్ 2, క్రూజర్ 4, బ్యాటిల్‌షిప్ 8. ఓడలన్నీ ఒక్కడివే కాబట్టి ఎనిమిది కార్వెట్లను ఒక బ్యాటిల్‌షిప్‌తో పోల్చడం న్యాయమే. మా గేమ్‌లో ఒక్కో ఓడలో ఒక్కో మనిషి ఉన్నాడు. పది చిన్న ఓడలంటే సెలవురోజు సాయంత్రం ఒకేసారి కూడాల్సిన పదిమంది మనుషులు. ఒక పెద్ద ఓడకు ఒక్కడు చాలు. మేం ధరలు సమానం చేసి, మనుషుల్ని లెక్కలో వేయడం మర్చిపోయాం. అందుకే ఎంత సర్దినా పెద్దదే గెలిచేది.

చివరికి మేం చేసింది ఇది. క్రూజర్ ఫిరంగి 40 కిలోమీటర్లు కొడుతుంది. దాని సొంత సెన్సార్ 12 కిలోమీటర్లే చూస్తుంది. ఆ పైన ఉన్నది కనపడాలంటే ఒక చిన్న ఓడ ముందుకెళ్లి లక్ష్యాన్ని పట్టి చూపించాలి. చూపించినంతసేపూ అది శత్రువు చుట్టూ తిరుగుతూనే ఉండాలి. మొదట్లో ఇదీ పనిచేయలేదు. ముందుకెళ్లినవాడు చచ్చిపోతే స్టేషన్ నుంచి తిరిగి రావడానికి నిమిషంన్నర పట్టేది. రెండుసార్లు చచ్చాక ఎవరూ వెళ్లడానికి ఒప్పుకోలేదు. దాంతో చిన్న ఓడల్ని క్రూజర్ హ్యాంగర్లోంచే బయలుదేరేలా మార్చాం. ఇప్పుడు పది సెకన్లలో మళ్లీ బయట ఉంటారు. ఇంధనం, మరమ్మతు కూడా అక్కడే. క్రూజర్ పోతే చిన్నవాళ్లకు ఇల్లు పోయినట్టే, కాబట్టి దాన్ని కాపాడటం వాళ్ల సొంత పని అయింది.

ఆ కుర్రాడు మళ్లీ వచ్చాడు. క్రూజర్ ఎక్కాడు. రెండు నిమిషాలయ్యాక హెడ్‌సెట్‌లో అతని గొంతు: "ఎవరైనా ముందుకెళ్లండి, నాకేం కనపడట్లేదు." ఎవరూ కదల్లేదు. ఇంకో పది సెకన్లు చూసి, క్రూజర్‌ను పక్కవాడికి అప్పజెప్పి, ఫైటర్ తీసుకుని తనే వెళ్లాడు.

ఒకటి మాత్రం ఇంకా తేలలేదు. లక్ష్యం కూలినప్పుడు స్కోర్ బోర్డులో పేరు ఫిరంగి పేల్చినవాడిదే వస్తోంది. నలభై సెకన్లు ప్రాణాలకు తెగించి చుట్టు తిరిగినవాడి పేరు ఎక్కడా లేదు. సగం సగం పంచి చూశాం, గన్నర్లు నొచ్చుకున్నారు. ప్రస్తుతం ఇద్దరి పేర్లూ పక్కపక్కన వేసి చూస్తున్నాం. ఆ వెర్షన్ ఈ రెండు కంప్యూటర్లలో నడుస్తోంది. ఇద్దరు ముందుకు రండి, ఒకరు క్రూజర్, ఒకరు ఫైటర్. మిగతావాళ్లు చూస్తూ ప్రశ్నలు అడగండి.